వాగు వెంట ఊళ్ళను కలపడం: ప్రజలే నడిపే ప్రాంతీయ పర్యావరణ వేదికను కట్టే పద్ధతి

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నడిచింది. అందరి కళ్ళూ కృష్ణ మీదే ఉన్నాయి. విజయవాడ సింగ్‌నగర్‌నూ, రాజరాజేశ్వరిపేటనూ ముంచింది మాత్రం బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టే ఈ వాగును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలుపుతారు. పాత దారి మాత్రం నగరం పక్కగా సాగి, ఎనికేపాడు దాటి కొల్లేరులో కలుస్తుంది. ఆ రోజుల్లో మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి పట్టింది.

మైలవరం పొలాల్లో వాన చూసిన రైతు, సింగ్‌నగర్‌లో మేడ ఎక్కిన కుటుంబం, కొల్లేరులో వల వేసే మత్స్యకారుడు ముగ్గురూ ఒకే నీటితో ముడిపడి ఉన్నవారు. ఒకరి ఫోను నంబరు మరొకరి దగ్గర ఉండదు. మండలాలు వేరు, జిల్లాలు కూడా వేరు. ఇలాంటి వాళ్ళను ఒక వేదిక మీదికి తెచ్చి, ఏళ్ళ తరబడి నిలబెట్టడం ఎలాగో ఈ మార్గదర్శిలో చెబుతాను. బుడమేరు–కొల్లేరు దారినే నమూనాగా తీసుకుంటాను. మీ ప్రాంతంలో అది మూసీ కావచ్చు, గొలుసుకట్టు చెరువులు కావచ్చు, నల్లమల అంచున ఉన్న ఊళ్ళు కావచ్చు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పర్యావరణ వేదికలు ఎక్కువగా రెండు కారణాల వల్ల చచ్చిపోతాయి. ఒకటి, హద్దు తప్పుగా గీయడం. రెండోది, లోపలి తగువు తేల్చుకోకుండానే బయటి తగువుకు వెళ్ళడం. డబ్బు లేకపోవడం, ప్రభుత్వం పట్టించుకోకపోవడం ఆ తర్వాతి కారణాలు.

మొదటి మెట్టు: హద్దును నీళ్ళ చేత గీయించండి

"మన జిల్లా పర్యావరణ వేదిక" అని మొదలుపెడితే జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్ళ వేదికే అవుతుంది. జిల్లా గీతలు 2016లో తెలంగాణలో మారాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మారాయి. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచుకుని ఉన్న కొల్లేరు ఇప్పుడు ఎక్కువగా ఏలూరు జిల్లాలో ఉంది. వాగుకు ఆ సంగతి తెలియదు.

నీటి సమస్యకు వాగు పరీవాహక ప్రాంతం హద్దు. గాలి సమస్యకు పొగగొట్టం నుంచి గాలి వీచే దిక్కున ఉన్న ఊళ్ళు. అడవి సమస్యకు ఆ అడవి మీద కట్టెకూ, మేతకూ, తేనెకూ, తునికాకుకూ ఆధారపడ్డ గూడేలు. హద్దు గీసేందుకు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భువన్ పటాలూ ఉన్నాయి. వాటి మీద వాగు దారిని ఎర్ర పెన్సిలుతో దిద్దండి. ఉపవాగులనూ, చెరువులనూ, అలుగులు పారే దిక్కునూ గుర్తించండి. తర్వాత గ్రామ నక్షాలు తెప్పించి పక్కన పెట్టండి. నక్షాలో వాగు వెడల్పు ఎంత ఉందో, ఇప్పుడు నేల మీద ఎంత ఉందో తేడా అక్కడే మొదటిసారి కనిపిస్తుంది.

ఆ తర్వాత నడవండి. మొత్తం ఒకేసారి కాకపోయినా భాగాలుగా, మొదటి నుంచి చివరిదాకా, ప్రతి ఊరి నుంచీ ఒకరిద్దరిని వెంట తీసుకుని. పటంలో కనిపించనివి నడకలో కనిపిస్తాయి: తూము పూడ్చి పోసిన రోడ్డు, రాత్రిళ్ళు మాత్రమే నీళ్ళు వదిలే గొట్టం, ఏ కాగితంలోనూ లేని కల్వర్టు. పాత వరదల్లో నీరు ఎంతవరకు వచ్చిందో గోడల మీద చేత్తో చూపించే పెద్దవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళు చూపించినచోట పెయింటుతో గీత గీసి, సంవత్సరం రాయండి. బుడమేరు దారిలో 2005 గీత, 2024 గీత పక్కపక్కన ఉంటే ఏ ఇంజనీరుతోనైనా సంభాషణ వేరేగా మొదలవుతుంది.

ఎంత పెద్ద హద్దు? నా కొలత ఇది: చివరి ఊరి మనిషి పొద్దున బస్సెక్కి సమావేశానికి వచ్చి, చీకటి పడకముందే ఇల్లు చేరగలగాలి. అంతకన్నా పెద్దదైతే ఆడవాళ్ళూ, రోజు కూలీ వాళ్ళూ రారు. రానివాళ్ళ పేరున మాట్లాడేవాళ్ళు మాత్రం వస్తారు. నది మరీ పొడవైనదైతే రెండు మూడు వేదికలుగా విడదీసి, ఏడాదికోసారి అన్నీ కలవవచ్చు. మూసీ అనంతగిరి కొండల నుంచి వాడపల్లి వరకు వెళుతుంది. వికారాబాద్ రైతుకూ, హైదరాబాద్ బస్తీకీ, కింద మురుగునీటితో గడ్డి, వరి పండించే నల్లగొండ రైతుకూ ఒకే నెలవారీ సమావేశం కుదిరే పని కాదు.

రెండో మెట్టు: ఉన్న సంఘాలనే వెతకండి, కొత్తవి పెట్టకండి

ఊళ్ళో ఇప్పటికే పొదుపు సంఘాలు, వాటి గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య ఉన్నాయి. మత్స్య సహకార సంఘం ఉంది. నీటి సంఘం ఉంది, పేరుకైనా. పాల కేంద్రం దగ్గర రోజూ రెండు పూటలా జనం కలుస్తారు. నగరంలో అయితే కాలనీ సంక్షేమ సంఘాలు, ఆటో స్టాండ్లు, బడి తల్లిదండ్రుల కమిటీలు. వీటి మీద ఇంకొక "పర్యావరణ కమిటీ" రుద్దితే మూడో నెలకు దాని అధ్యక్షుడూ కార్యదర్శీ మాత్రమే మిగులుతారు.

సోంపేట ఇక్కడ పనికొచ్చే ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలోని బీల చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలన్నప్పుడు కాగితాల్లో అది బంజరు. అదే బీల నీళ్ళతో రైతులు వరి పండించేవారు, మత్స్యకారులు చేపలు పట్టేవారు. పట్టణంలోని డాక్టర్లు, పొలం రైతులు, తీరప్రాంత మత్స్యకారులు ఒక్కటి కావడమే ఆ ఉద్యమ బలం. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారం ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. వీధిలో జనం, చేతిలో అప్పీలు రెండూ ఒకేసారి ఉన్నాయి. ఏదో ఒకటే ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

సంఘాల జాబితా రాసుకున్నాక, అందులో ఎవరు లేరో చూడండి. కౌలు రైతు ఏ సంఘంలోనూ ఉండడు. వాగు గట్టు మీద గుడిసె వేసుకున్నవారు ఉండరు. మేకలు కాసేవారు, ఇటుక బట్టీల్లో పని చేసే వలస కుటుంబాలు ఉండవు. వాతావరణ న్యాయం అనే మాటకు నేల మీద అర్థం ఇదే: ఎండ, వరద, కరువు అందరికీ వస్తాయి, నష్టపరిహారం మాత్రం కాగితం ఉన్నవాడికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. చాలామంది యజమానులు చేయరు. వరద వచ్చిపోయాక దీని మీద ధర్నా చేయడం కన్నా, వరదకు ముందే వేదిక తన ఊళ్ళలో ఎవరు ఏ పొలం కౌలుకు చేస్తున్నారో జాబితా రాసి, గ్రామసభలో చదివించి, ఈ-పంట అనే ప్రభుత్వ పంట నమోదులో ఎవరి పేరు ఎక్కిందో సరిచూడటం నయం. ఈ ఒక్క పని చేసిన వేదికకు ఊళ్ళో పిలవకుండానే జనం వస్తారు.

మూడో మెట్టు: కొలవండి, కొలిచింది గోడ మీద రాయండి

ఆవేశంతో మొదలైన వేదికను నిలబెట్టేది లెక్కే. దీనికి మన రాష్ట్రాల్లోనే మంచి పూర్వ ఉదాహరణ ఉంది. 2000 తర్వాతి దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతుల భూగర్భజల నిర్వహణ కార్యక్రమం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడుగా నిలిచింది. రైతులే వాన కొలిచారు, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నేలలో ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని జల బడ్జెట్ వేసుకున్నారు. ఊరి కమిటీల పైన ఒకే వాగు పరిధిలోని ఊళ్ళన్నిటికీ కలిపి ఒక వేదిక ఉండేది. నేను మొదటి మెట్టులో చెప్పిన హద్దు వాళ్ళు అప్పుడే పాటించారు. అక్కడ ఎవరినీ పంట మార్చమని ఆదేశించలేదు, జరిమానాలు లేవు. లెక్క కళ్ళముందు పెట్టారు. బోరు ఎండితే మునిగేది తానే గనుక రైతు తానే నిర్ణయించుకున్నాడు.

ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వాన కొలవడానికి అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న ఏ డబ్బా అయినా చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా ఆరుబయట పెట్టండి. వాతావరణ శాఖ లెక్కతో పోల్చుకునేందుకు వాళ్ళలాగే ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో లోతు చూసి మిల్లీమీటర్లలో రాయండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. ఎకరం మీద 10 మిల్లీమీటర్లు పడితే దాదాపు 40 వేల లీటర్లు. 100 చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద 200 మిల్లీమీటర్లు కురిస్తే 2 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 0.7 టీఎంసీ. ఇంకేది, ఆవిరయ్యేది తీసేసినా, కింద ఉన్న కల్వర్టు దాన్ని మోయగలదా అన్న ప్రశ్న పదో తరగతి పిల్లలు కూడా వేయగలుగుతారు. బడుల చేత ఈ లెక్కలు చేయించండి. పుస్తకం తప్పకుండా నింపేది వాళ్ళే.

బావిలో నీటిమట్టం నెలకు రెండుసార్లు, ఒకే తేదీల్లో, తెల్లవారి మోటారు వేయకముందు కొలవాలి. వాగు నీటి రంగు, వాసన, చేపలు తేలిన రోజులు రాయాలి. నీటి పరీక్ష అవసరమైతే నమూనా ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు తీశారో ఇద్దరు సాక్షుల సంతకాలతో, ఫొటోతో రాసిపెట్టండి. పక్కాగా రాయని నమూనాను రేపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎండాకాలంలో మధ్యాహ్నం పని ఎన్ని గంటలకు ఆపేశారో, వడదెబ్బ ఎవరికి తగిలిందో ఉపాధి హామీ మేట్ల చేత రాయించండి. ఈ లెక్క ఎవరి దగ్గరా ఉండదు గనుక మీ దగ్గర ఉంటే దానికి విలువ.

కొలిచిందంతా కంప్యూటర్‌లోకి ఎక్కించండి, మంచిదే. దానికి ముందు మాత్రం పంచాయతీ గోడ మీద రాయండి. గోడ మీది అంకె తప్పయితే సాయంత్రానికి ఎవరో ఒకరు వచ్చి దిద్దుతారు.

నాలుగో మెట్టు: ముందు మనలో మనం తేల్చుకోవాలి

అందరూ దాటేసే మెట్టు ఇదే.

బుడమేరు దారిలో ఎవరి తప్పు ఎంత అని నిజాయితీగా చూస్తే తప్పు లేనివారంటూ ఎవరూ మిగలరు. పై ఊళ్ళలో కొండలు తవ్వి గ్రావెల్ అమ్ముకుంటారు. ఆ మట్టి వానకు కొట్టుకొచ్చి వాగులో పూడుతుంది. నగరంలో వాగు పొరంబోకులో పేదల ఇళ్ళూ ఉన్నాయి, వెంచర్లూ ఉన్నాయి. నగరం తన మురుగునూ చెత్తనూ వాగుకే అప్పగిస్తుంది. కింద కొల్లేరులో చేపల చెరువుల గట్లు నీటిని సముద్రం వైపు కదలనివ్వవు. కొల్లేరు నుంచి ఉప్పుటేరు ఒక్కటే బయటికి దారి. ఈ నలుగురినీ ఒక హాలులో కూర్చోబెట్టి "బుడమేరును కాపాడదాం" అంటే చప్పట్లు వస్తాయి. గట్లు కొట్టాలా, ఇళ్ళు తీయాలా అన్న ప్రశ్న మొదటిసారి వచ్చిన రోజున సగం మంది లేచి వెళ్ళిపోతారు.

కొల్లేరు చరిత్ర ఈ విషయంలో చేదు పాఠం. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారులతో, దళితులతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. కాలక్రమంలో చాలా చెరువులు లీజుల పేరుతో డబ్బున్నవారి చేతుల్లోకి వెళ్ళాయి. సభ్యుడు తన పేరున ఉన్న చెరువు మీదే కూలీ అయ్యాడు. 1999లో జీవో 120 ద్వారా అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లను పేల్చేశారు. సరస్సుకు ఊపిరి కావాలన్నది నిజం. అయితే లీజుదారుకు పెట్టుబడి మరోచోట పెట్టుకునే వీలుంది. కొల్లేరు మీద తప్ప బతకడం తెలియని కుటుంబానికి అది లేదు. పరిరక్షణ పేరుతో బలహీనుడి మీద మొదటి దెబ్బ పడితే, తర్వాత ఇరవై ఏళ్ళు "పర్యావరణం" అన్న మాటనే ఆ ఊళ్ళో పలకనివ్వరు.

అందుకని ఇలా చేయండి. మొదటి రెండు మూడు నెలలు అందరినీ కలిపి కూర్చోబెట్టకండి. ఒక్కో వర్గంతో విడిగా, వాళ్ళ చోటుకే వెళ్ళి మాట్లాడండి: మత్స్యకారులతో రేవు దగ్గర, గట్టు మీది కుటుంబాలతో రాత్రి పనులయ్యాక, రైతులతో రచ్చబండ మీద. ప్రతి వర్గం చేత ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు రాయించండి. ఎడమవైపు "మేము అడిగేది", కుడివైపు "మేము వదులుకునేది". కుడివైపు ఖాళీగా ఉంచిన వర్గం ఇంకా సిద్ధంగా లేదని అర్థం. మళ్ళీ వెళ్ళండి. అన్ని కాగితాలూ నిండాక ఒకరి కాగితం మరొకరికి చదివి వినిపించే సభ పెట్టండి. నాయకులు ఉపన్యాసాలు ఇవ్వకూడదు. కాగితం రాసినవాళ్ళే చదవాలి.

అక్కడ తేలాల్సిన పెద్ద విషయం వరుసక్రమం. వాగుకు చోటు ఇవ్వాల్సి వస్తే మొదట ఏది తీయాలి? నా తీర్పు స్పష్టం: ముందు వ్యాపారం కోసం పోసిన మట్టి, ప్రహరీలు, లేఅవుట్లు, తర్వాత ప్రభుత్వం తానే కట్టిన అడ్డంకులు, చివరగా, దగ్గరలోనే ఇల్లు కట్టించి తాళం చేతికిచ్చాక, పేదల నివాసాలు. ఈ వరుసను వేదిక రాతపూర్వకంగా ఒప్పుకుంటే గట్టు మీది కుటుంబాలు మీతో ఉంటాయి. లేకపోతే "ఆక్రమణలు తొలగించాలి" అన్న మీ నినాదమే వాళ్ళ గుడిసె మీదికి బుల్డోజరుగా వస్తుంది.

ఒప్పందం ఒకటి రెండు పేజీలు మించకూడదు. అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఏడాదికోసారి మళ్ళీ చదివి మార్చుకోవాలి.

అయిదో మెట్టు: నిర్మాణం, డబ్బు

ప్రతి ఊరు లేదా కాలనీ నుంచి ఇద్దరు ప్రతినిధులు, అందులో ఒకరు మహిళ. పై ప్రాంతం, మధ్య ప్రాంతం, కింది ప్రాంతం నుంచి సమానంగా ఒక చిన్న నిర్వాహక బృందం. సమావేశం ఒక్కోసారి ఒక్కో ఊళ్ళో. శాశ్వత అధ్యక్షుడు వద్దు, సభ జరిగే ఊరివాళ్ళే ఆ రోజు అధ్యక్షత వహిస్తారు. మినిట్స్ పుస్తకం ఒకటే, అది ఊరూరా తిరుగుతుంది. పార్టీ పదవిలో ఉన్నవారు సభ్యులుగా రావచ్చు, వేదిక తరఫున మాట్లాడకూడదు. ఈ చివరి నియమాన్ని ఎన్నికల ఏడాదిలో పెట్టుకోవడం కష్టం. ముందే పెట్టుకోండి.

మొదటి ఏడాది రిజిస్ట్రేషన్ జోలికి పోవద్దంటాను. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో సంఘం నమోదు చేయవచ్చు, అదేమీ కష్టం కాదు. కాగితం మీద ఆ ఏడుగురూ యజమానులవుతారు, మిగిలిన ఊళ్ళు అతిథులవుతాయి. అప్పటిదాకా సభ్య సంఘాల్లో లెక్కలు సరిగా ఉన్నదేదో ఒకటి ఖాతా నిర్వహించవచ్చు. ఖర్చుల చిట్టా ప్రతి సభలో చదవాలి. బస్సు ఛార్జీ ఎవరిది వాళ్ళే పెట్టుకుంటే మంచిది, కూలీ పోగొట్టుకుని వచ్చేవారికి మాత్రం వేదిక ఇవ్వాలి.

బయట దేశాల్లోని మన ఊరివాళ్ళు సాయం చేస్తామంటారు. ఇక్కడ చట్టం చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది, అందుకు కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడమూ కుదరదు. పెద్ద సంస్థ చిన్న సంఘాలకు పంచిపెట్టే పాత పద్ధతి మీద నెట్‌వర్క్ కడదామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి. అమెరికాలోని మీ బంధువును డబ్బుకు బదులు పటాలు గీయడానికో, వాన లెక్కల పట్టిక నిర్వహించడానికో అడగండి. వారానికి రెండు గంటలు చాలు.

ఆరో మెట్టు: చట్టాన్ని చేతిలో ఉంచుకోండి

సమాచార హక్కుతో మొదలుపెట్టండి. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. ఒకే దరఖాస్తులో ఇరవై ప్రశ్నలు వేయకండి. ఒక్కో ఊరి నుంచి ఒక్కో కాగితం అడగండి: చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) పటం, కాలువ మరమ్మతుల ఎం-బుక్ (పనుల కొలతల పుస్తకం), కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి షరతులు. అన్నీ కలిపితే వేదిక దగ్గర ఒక బీరువా తయారవుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ సభ విషయంలో నెట్‌వర్క్ ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో అందుబాటులో ఉండాలి, సారాంశం తెలుగులో ఉండాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం నియమం లేదు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. కాబట్టి బహిష్కరించడం చాలాసార్లు ఎదుటివాడికే లాభం. పూర్తి నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలుంటుంది. ఊళ్ళవారీగా అధ్యాయాలు పంచుకుని, చదవగలిగిన కాలేజీ పిల్లలను ఒక్కో అధ్యాయానికి పెట్టండి. మీ వాన పుస్తకం, బావి పుస్తకం పక్కన పెట్టి చూస్తే నివేదికలో "వాగు లేదు", "జలవనరు పది కిలోమీటర్ల లోపల లేదు" వంటి రాతలు బయటపడతాయి. అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సభ చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించేదాకా కదలకండి. మీ మాట అందులో ఎక్కకపోతే అక్కడే చెప్పండి.

అనుమతి వచ్చేసినా దారి మూసుకుపోదు. జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో 30 రోజుల్లో అప్పీలు చేయాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజులు మాత్రమే ఇస్తారు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ ధర్మాసనమే. 90 రోజులు దాటితే ఎంత మంచి కేసయినా తలుపు దగ్గరే ఆగుతుంది. అందుకే అనుమతి ఉత్తర్వులను వారం వారం చూసే పని ఒకరికి అప్పగించాలి.

ఏజెన్సీ ప్రాంతాల్లో గ్రామసభ బలం ఎక్కువ. సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. అది మన తూర్పు కనుమల నుంచి, విశాఖ ఏజెన్సీలోని అనంతగిరి మండలం ఊళ్ళ నుంచి వెళ్ళిన కేసే. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుని బాక్సైట్ తవ్వకానికి ఒప్పుకోమన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరులను కాపాడుకునే హక్కు గ్రామసభది. దానికి సగం మంది సభ్యులు హాజరు కావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. హాజరు పట్టీ ఈ లెక్కకు తగ్గితే తీర్మానం చెల్లదని ఎదుటి లాయరు మొదట అనేది అదే. నల్లమలలో యురేనియం అన్వేషణ మీద చెంచుల నుంచి నగర విద్యార్థుల దాకా గొంతు కలిపినప్పుడు 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గూడెం గొంతుకు నగరం గొంతు తోడైతే అలాంటిది సాధ్యం. నగరం గొంతు గూడెం బదులు మాట్లాడితే మాత్రం అది ఎక్కువ కాలం నిలవదు.

జాగ్రత్త కూడా చెప్పాలి. ఏ కార్యాలయానికైనా ఇద్దరు తక్కువ కాకుండా వెళ్ళండి. ఖాళీ కాగితం మీద ఎవరూ సంతకం చేయొద్దు. సభ్యుల ఫోను నంబర్లు, ఇళ్ళ ఫొటోలు బయట పెట్టొద్దు. ఒకరి మీద కేసు పడితే ఆ ఖర్చు ఎలా భరించాలో కేసు పడకముందే తీర్మానం చేసుకోండి.

ఏడో మెట్టు: వరద రోజుకు వరుస

వేదికకు రోజువారీ ఉపయోగం లేకపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. పై ప్రాంతంలో నాలుగైదు చోట్ల వాన డబ్బాలు. మూడు గంటల్లో ఇంత దాటితే ఫోను చేయాలి అన్న ఒక అంకె. అది మొదటి ఏడాది ఊహ, తర్వాత గోడ మీది లెక్కలతో దిద్దుకుంటారు. పైనుంచి మధ్యకు, మధ్య నుంచి కిందికి ఒక్కొక్కరు ముగ్గురికి ఫోను. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, కరెంటు పోయి టవర్ ఆగితే మైకు, డప్పు కావాలి. మంచాన ఉన్నవారు, గర్భిణులు, ఒంటరి వృద్ధుల జాబితా వీధివారీగా ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి. అధికారుల హెచ్చరికకు ఇది అదనం మాత్రమే, పోటీ కాదని రెవెన్యూ సిబ్బందికి ముందే చెప్పి, వాళ్ళ నంబర్లూ వరుసలో చేర్చండి.

కలుస్తూ ఉండటానికి

సమావేశాలతో మాత్రమే నడిచే వేదిక విసుగు పుట్టిస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల జాతర పేరుతో విత్తనాల బళ్ళను అలంకరించి ఊరూరా తిప్పుతాయి. చిన్న సన్నకారు దళిత మహిళలు తమ విత్తనాలను తామే ప్రదర్శించి మాట్లాడతారు. 2008లో వాళ్ళే సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. పురస్కారం కన్నా నాకు ఆ బళ్ళే ముఖ్యం. అవి ఆగిన ప్రతి ఊళ్ళోనూ భోజనం పెట్టారు, భోజనం పెట్టిన ఊరు వేదికను తనదనుకుంటుంది.

వాగు వేదిక ఏడాది ఇలా ఉండవచ్చు. మే చివర, తొలకరికి ముందు, కాలువలు, తూములు, కల్వర్టులు నడిచి చూసి పూడికల జాబితా కలెక్టర్‌కు ఇవ్వడం. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో సోమవారం అర్జీల వేదిక అందుకు పనికొస్తాయి. జూన్ నుంచి అక్టోబరు వరకు వాన పుస్తకం, ఫోను వరుస. అక్టోబరు చివర జల బడ్జెట్ సభ. సంక్రాంతి తర్వాత, కొత్త ధాన్యం ఇళ్ళలో ఉన్నప్పుడు, పై ఊరి నుంచి కింది ఊరికి పాదయాత్రో జాతరో. మార్చిలో లెక్కలు, ఒప్పందం మళ్ళీ చదవడం, ప్రతినిధులను మార్చడం. ఏప్రిల్‌లో ఏమీ పెట్టకండి. పెళ్ళిళ్ళు, ఎండలు. ఆ నెల ఎవరూ రారు.